నోటీసు బోర్డు దగ్గరికి ముందు ఎవరొచ్చారు?

(విజయనగరంలో ఇంటర్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కూర్చున్న ఒక సభలో విశ్రాంత లెక్కల అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పరిచయం చేసినాయన నా గురించి చాలా చెప్పారు. అందులో సగం మర్చిపోండి. నేను లెక్కల మాస్టారిని, అంతే. డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఎవరూ చెయ్యనంటే నా నెత్తిన పడ్డ పని ఇంకొకటి ఉంది, అడ్మిషన్ల కమిటీ. ఇవాళ మాట్లాడేది ఆ రెండో పని గురించి.

1990ల మొదట్లో సంగతి. ఒక కాలేజీలో, పేరొద్దులెండి, డిగ్రీ సీట్లకి లిస్టు తయారు చేశాం. అప్పట్లో ఆన్‌లైన్ ఎక్కడిది? అప్లికేషన్లు బల్ల మీద గుట్టగా పోసుకుని, ఇంటర్ మార్కుల వరుసలో పేర్చి, ఏ సీటు ఏ వర్గానికో చెప్పే రిజర్వేషన్ రోస్టరు పక్కన పెట్టుకుని, రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని రాశాం. ఒకటికి మూడుసార్లు సరిచూశాం. శుక్రవారం సాయంత్రం టైపు చేయించి నోటీసు బోర్డుకి అంటించాం. సోమవారం పదింటికల్లా ఒరిజినల్ సర్టిఫికెట్లతో రాకపోతే సీటు వెనక ఉన్నవాళ్లకి పోతుందని కింద రాశాం.

మంగళవారం మధ్యాహ్నం ఒక కుర్రాడు, వాళ్ల నాన్న వచ్చారు. కురుపాం అవతల ఏదో ఊరు. కుర్రాడి పేరు లిస్టులో మూడోది. అప్పటికే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశాం, ఫీజు కూడా కట్టించుకున్నాం. నేను నిబంధన చదివి వినిపించాను. ఆ తండ్రి అరవలేదు, బతిమాలలేదు. కాసేపు బోర్డు కేసి చూసి, "మీ బోర్డు మా ఊరికి అగుపడదు కద బాబూ" అన్నాడు.

మా లిస్టులో ఒక్క అంకె తప్పు లేదు. ఎవరి దగ్గరా ఎవరూ రూపాయి తినలేదు. నిబంధన అందరికీ ఒకటే. అయినా ఆ సీటు ఆ కుర్రాడికి రావలసింది, రాలేదు. ఎంపిక న్యాయంగా జరిగిందా లేదా అని ఎవరు నన్నడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే. బోర్డు ఎవరికి కనబడుతోంది?

ఇప్పుడు బోర్డు ఫోనులోకొచ్చేసింది కదా, ఇంకా ఈ గొడవెందుకు అంటారు. నిజమే. 2020 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లూ ఆన్‌లైన్లోనే. కానీ బోర్డు మీద ఉండేది పేర్లు మాత్రమే కాదు, నిబంధనలు కూడా. అవి ఎవరికి అర్థమవుతున్నాయన్నది చూడండి. ఇంజనీరింగ్, మెడికల్ సీట్లకి పెట్టిన ఎంట్రన్సు, ఎంసెట్టే తీసుకోండి. 1986లో మొదలైంది. మెడికల్ నీట్‌కి వెళ్లిపోయాక, 2021లో పేరు ఈఏపీసెట్ అయింది. నా నోటికి మాత్రం ఎంసెట్టే వస్తుంది, సర్దుకోండి.

ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులిస్తారు. తప్పు రాస్తే మార్కు కొయ్యరు. ర్యాంకు రావాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఆ కనీసం కూడా లేదు. ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఏమీ చదవనివాడు కళ్లు మూసుకుని 160 ప్రశ్నలకీ ఏదో ఒకటి నొక్కుకుంటూ పోతే సగటున ఎన్ని వస్తాయి? నాలుగో వంతు. 40. అర్హత మార్కూ అదే!

నవ్వుతున్నారు కానీ ఇందులో నవ్వలేనిది ఒకటుంది. కోచింగ్‌లో చదివిన పిల్లాడికి మొదటి రోజే చెప్తారు, తెలియని ప్రశ్న ఖాళీగా వదలొద్దని. మా దగ్గర ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన ఒక అమ్మాయి 40 ప్రశ్నలు వదిలేసి వచ్చింది. ఎందుకమ్మా అంటే, "తెలియనిది రాయడం తప్పు కదండీ" అంది. ఆ అమ్మాయి నిజాయితీకి సగటున 10 మార్కులు ఖర్చు. 10 మార్కులంటే నడిమధ్యలో ఉన్నవాళ్లకి వేల ర్యాంకుల తేడా. పేపరు ఒకటే, టైము ఒకటే, కంప్యూటరు ఒకటే. ఒకరికి ఆట నియమం తెలుసు, ఇంకొకరికి తెలియదు.

తర్వాతది ఇంటర్ మార్కుల వాటా. ఎంసెట్‌కి 75 శాతం, ఇంటర్లో గ్రూపు సబ్జెక్టులకి 25 శాతం. కొవిడ్ వల్ల 2021లో, 2022లో తీసేసి 2023లో మళ్లీ పెట్టారు. తెలంగాణ వాళ్లు పూర్తిగా ఎత్తేశారు. దీని మీద తల్లిదండ్రుల్లో బోలెడు అపోహలు. ఇంటర్ మార్కులతోనే బండి నడిచిపోతుందనుకునేవాళ్లున్నారు, అవి లెక్కలోకే రావనుకునేవాళ్లూ ఉన్నారు. కాగితం తీసుకోండి. ఇప్పటిదాకా నడిచిన పద్ధతిలో గ్రూపు మార్కులు 600. ఒక పిల్లకి ఎంసెట్‌లో 80, ఇంటర్లో 570. ఇంకో పిల్లాడికి ఎంసెట్‌లో 84, ఇంటర్లో 510. మొదటి పిల్లకి ముప్పై ఏడున్నర, దాని మీద 23.75, మొత్తం 61.25. రెండోవాడికి 39.375, దాని మీద 21.25, మొత్తం 60.625. పిల్లే ముందు. ఒక్క ఎంసెట్ మార్కు విలువ పదకొండుంబావు ఇంటర్ మార్కులు. అది గుర్తుంటే చాలు, ఏ రెండు నెలలు దేనికి ఖర్చుపెట్టాలో మీకే తెలుస్తుంది. పరీక్ష చాలా పూటలు జరుగుతుంది కాబట్టి సులువైన పేపరు వచ్చిన పూటనీ కష్టమైన పేపరు వచ్చిన పూటనీ సర్దడానికి నార్మలైజేషన్ అని ఒకటి చేస్తారు. దాని సూత్రం ఇక్కడ చెప్తే మీరంతా లేచి వెళ్లిపోతారు. సూటిగా చెప్పాలంటే, మీ మార్కుని మీ పూటవాళ్లతో పోల్చి, ఆ పైన అన్ని పూటలనీ ఒక కొలతకి తెస్తారు. అందుకే వచ్చిన మార్కుకీ లెక్కలోకి తీసుకున్న మార్కుకీ కొంచెం తేడా ఉంటుంది. అది మోసం కాదు.

ఈ 25 శాతం ఉండాలా వద్దా? నేను ఉండాలనే అంటాను. రెండేళ్ల చదువుని మూడు గంటల పరీక్ష పూర్తిగా మింగెయ్యకూడదు. ఆ రోజు జ్వరం రావచ్చు. భామిని నుంచి తెల్లవారుజామున బయల్దేరిన బస్సు ఆగిపోవచ్చు. ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారు. సెంటరు పక్క వీధిలో ఉన్నవాడికి ఆ టెన్షనే ఉండదు. కాకపోతే బోర్డు మార్కుల మీదే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం. 2021లో ఢిల్లీ యూనివర్సిటీలో కొన్ని కాలేజీలు కొన్ని కోర్సులకి 100 శాతం కటాఫ్ పెట్టాయి. నూటికి నూరు! తొంభై తొమ్మిదిన్నర తెచ్చుకున్నవాడు ఇంటికెళ్లాలి. ఒక బోర్డు మార్కులు ఉదారంగా వేస్తుంది, ఇంకో బోర్డు పిసినారిగా వేస్తుంది. రెండింటినీ ఒకే తక్కెట్లో ఎలా తూస్తారు? ఆ మరుసటేడు, 2022లో, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ అనే ఉమ్మడి ఎంట్రన్సు వచ్చింది. అది తెలుగులోనూ రాయొచ్చు. మన పొరుగు తమిళనాడు పూర్తిగా రెండో దారి పట్టింది. ఇంజనీరింగ్‌కి ఎంట్రన్సు ఎత్తేసి ప్లస్ టూ మార్కులతోనే సీట్లిస్తున్నారు. ఎంట్రన్సు వల్ల కోచింగ్ కొనుక్కోలేని పల్లెటూరి పిల్లలు నష్టపోతున్నారన్నది వాళ్ల వాదన. ఒకచోట మార్కులు పనికిరావని పరీక్ష తెచ్చారు, ఇంకోచోట పరీక్ష పనికిరాదని మార్కులకి వెళ్లారు. రెండు చోట్లా అన్న మాట మాత్రం ఒకటే, న్యాయం.

భాష సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో ఉంది. అందులో నెగ్గి, ఐఐటీ సీట్లకి పెట్టే అడ్వాన్స్‌డ్‌కి వెళ్తే అక్కడ ఇంగ్లీషు, హిందీ మాత్రమే. కాశీలో హిందీలో చదివినవాడికి ఉన్న వెసులుబాటు సాలూరులో తెలుగులో చదివినవాడికి ఎందుకు లేదో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఇక అందరూ గొంతు తగ్గించి మాట్లాడే విషయానికొస్తాను. రిజర్వేషన్లు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కమ్యూనల్ జీవో అని ఒకటుండేది. ప్రతి 14 సీట్లనీ పంచేవాళ్లు. బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకి కలిపి 1, ముస్లిములకి 1. అంటే ప్రతి సీటు మీదా ఒక కులం పేరో మతం పేరో రాసి ఉండేది. చంపకం దొరైరాజన్ అనే ఆవిడ దీని మీద కోర్టుకెళ్లారు. తమాషా ఏమిటంటే ఆవిడ మెడికల్ సీటుకి దరఖాస్తే పెట్టలేదు! ఎలాగూ రాదు కదా అని. 1951 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఆ జూన్లోనే పార్లమెంటు రాజ్యాంగానికి మొట్టమొదటి సవరణ చేసింది. వెనకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చన్న 15(4) అధికరణం అలా వచ్చిందే. ఇప్పుడు కాలేజీలో మీకు కనిపించే రోస్టరు వెనక, మన తాతల కాలంలో మన రాష్ట్రంలోనే నడిచిన ఆ కేసుంది.

మన దగ్గర దాని పక్కన ఇంకో గీత ఉంది, లోకల్. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు. 85 శాతం సీట్లు స్థానికులకి. ఎంసెట్‌కి మనం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా కిందికొస్తాం. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఈ ఏరియాలో చదివితే లోకల్. బాగానే ఉంది. కానీ ఈ ఏరియా ఎక్కడినుంచి ఎక్కడిదాకా అనుకున్నారు? పాత జిల్లాల లెక్కన శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా. ఇచ్ఛాపురం కుర్రాడికి ఒంగోలు కుర్రాడు 'లోకల్' పోటీదారు. సీతంపేట కొండల్లో ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లకీ, విజయవాడలో పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లకీ గీత ఒకటే. మన జిల్లాల్లో కాస్త డబ్బున్న ఇళ్ల పిల్లలు కూడా ఇంటర్‌కి అక్కడికే వెళ్తారు, మీలో కొందరు పంపించే ఉంటారు. తప్పని నేననను. నా కొడుకునీ పంపించాను.

అయితే దూరాన్ని లెక్కలో వేసిన పద్ధతి ఒకటి మన పక్కనే ఉంది. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ. రాజీవ్ గాంధీ యూనివర్సిటీ వాళ్ల ట్రిపుల్ ఐటీలు 2008లో మొదలయ్యాయి, శ్రీకాకుళం క్యాంపస్ 2016లో వచ్చింది. పదో తరగతి కాగానే తీసుకుంటారు, ఆరేళ్లు చదువు, చివరికి బీటెక్. అంటే మన పిల్లలకి యూనివర్సిటీ ఎంపిక పదిహేనేళ్లకే జరిగిపోతోంది. అక్కడ ఎంట్రన్సు లేదు. కొవిడ్‌కి పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసైన 2020లో, 2021లో మాత్రం వేరే గతిలేక పరీక్ష పెట్టారు. మామూలుగా పదో తరగతి మార్కులే. అయితే హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్లకి ఆ మార్కుల మీద 4 శాతం కలుపుతారు. గ్రేడ్లున్న రోజుల్లో పదికి 0.4 కలిపేవాళ్లు.

ఇందులో నాకు నచ్చిందేమిటంటే, మార్కు అనేదాన్ని వాళ్లు గుడ్డిగా నమ్మలేదు. 9.4 వచ్చిన జిల్లా పరిషత్ బడి పిల్లాడూ 9.8 వచ్చిన ప్రైవేటు బడి పిల్లాడూ సమానమే అన్నారు. ఆ తేడా బుర్రలో లేదు, బడిలో ఉంది అని ఒప్పుకున్నారు. పైగా అది బోర్డు మీద ముందే రాసి ఉంది. ఎవరి దయా అక్కర్లేదు, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. కలిపేది కూడా చిన్నదే. చదవనివాణ్ణి అది గట్టెక్కించలేదు, అంచు మీద ఉన్నవాడికి మాత్రం చెయ్యిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. గురుకులంలో చదివిన గిరిజన పిల్లకి ఈ 4 శాతం రాదు, హాస్టల్ ఉంది కాబట్టి. కూలి చేసుకుంటూ, అప్పు చేసి, ఊళ్లో ఉన్న చిన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో వేసిన తండ్రి కొడుక్కీ రాదు. గీత ఎక్కడ గీసినా, దాని అంచున నిలబడ్డవాడు ఒకడుంటాడు. వాడి బాధ నిజమే. అలాగని గీతే వద్దంటే, అది పక్కనే పెద్ద ఊరున్నవాడికి రాసిచ్చినట్టే.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో చెప్పమని నిర్వాహకులు అడిగారు. రెండు చెప్తాను. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1997లో ఒక చట్టం చేసింది. ప్రతి హైస్కూల్లోనూ పై పది శాతంలో ఉన్నవాళ్లకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం అని. తర్వాత పెద్ద యూనివర్సిటీకి ఆ వాటా కొంచెం తగ్గించారు. అంటే నువ్వు పోటీ పడాల్సింది నీ బడివాళ్లతోనే, నగరంలో ఉన్నవాడితో కాదు. ఇదే మన దగ్గర పెడితే గుమ్మలక్ష్మీపురం జూనియర్ కాలేజీ ఫస్టు వచ్చిన పిల్ల విజయవాడతో పోల్చుకోనక్కర్లేదు. మా కమిటీ రోజుల్లో ఎవరైనా ఈ మాట అని ఉంటే నేను మొదట కాదనేవాణ్ణి, ఇప్పుడైతే ఆలోచిస్తాను. రెండోది నెదర్లాండ్స్. వైద్య సీట్లకి వాళ్లు 1972 నుంచి చాలా ఏళ్లు లాటరీ వేశారు. మార్కులు ఎక్కువుంటే లాటరీలో అవకాశం ఎక్కువ, కానీ చాలాకాలం ఎవరికీ గ్యారంటీ లేదు. మనకి వినడానికే వింతగా ఉంటుంది. ఒకటి ఆలోచించండి. అరమార్కు తేడాతో సీటు వచ్చినవాడు నిజంగా రానివాడికంటే తెలివైనవాడేనా? ఆ అరమార్కు కూడా లాటరీయే. కాకపోతే మనం దానికి మెరిట్ అని పేరు పెట్టుకున్నాం.

ఇప్పుడు మీకు పనికొచ్చే ముక్క. వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో కావలసిన కాలేజీలని ఇష్టం వరుసలో పెట్టడం. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఒకే తప్పు చేస్తున్నారు. "ఆ కాలేజీ ఎలాగూ రాదు కద మాస్టారూ, ముందు పెడితే మా గుంటడికి వచ్చేది కూడా పోదా?" అంటారు. పోదు. ర్యాంకు వరుసలో ఒక్కొక్కణ్ణి పిలుస్తారనుకోండి. మీ వంతు వచ్చేసరికి మీ జాబితాలో పైనుంచి చూసుకుంటూ వస్తారు, ఖాళీ ఉన్న మొదటిది మీది. పైన రానివి పది పెట్టినా కింద ఉన్నదానికి నష్టం లేదు. 1962లో గేల్, షాప్లీ అని ఇద్దరు గణితవేత్తలు కాలేజీ అడ్మిషన్ల మీదే ఒక వ్యాసం రాశారు. పిల్లలు తమ ఇష్టాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పినా నష్టపోని పద్ధతి ఒకటుందని అక్కడినుంచే తేలింది. షాప్లీకి 2012లో నోబెల్ వచ్చింది. ఐఐటీలకీ ఎన్ఐటీలకీ కలిపి 2015 నుంచి జోసా అనే ఉమ్మడి సంస్థ చేస్తున్న కేటాయింపు ఆ దారిలోదే. మన ఎంసెట్‌లో కాలేజీలన్నీ ఒకే ర్యాంకు చూస్తాయి కాబట్టి ఇంకా సులువు. జాగ్రత్త పడాల్సింది వేరేచోట. మలి విడతలో కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది. అందుకని ఆ విడతలో, చేతిలో ఉన్నదానికంటే నిజంగా మంచివే పెట్టండి. ఇంకొకటి, పాస్‌వర్డూ ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. ఆప్షన్లు మేమే పెట్టేస్తాం అని ఇంటికొచ్చే కాలేజీ పీఆర్వోకి అసలే ఇవ్వొద్దు. అతను పెట్టేది మీ పిల్లాడి ఇష్టం కాదు, అతని టార్గెట్టు.

నేను చెప్పదలచుకున్నది అయింది. ఏమైనా అడుగుతారా?

(గరివిడి నుంచి వచ్చిన ఒకరు: "ఎక్కువ మార్కులోడిని ఆపి తక్కువ మార్కులోడికి ఇవ్వడం న్యాయమేటండీ మాస్టారూ?")

అడిగారు, సంతోషం. మనసులో పెట్టుకుని వెళ్లలేదు. మీకు ఆడపిల్ల ఉందా? ఉంది. మన రాష్ట్రంలో మూడో వంతు సీట్లు ఆడపిల్లలకి. దాని వల్ల మీ అమ్మాయికి సీటొస్తే మీరు మార్కుల లెక్క అడుగుతారా? నేనైతే అడగను. ఎందుకంటే ఆ పిల్ల పొద్దున్న నీళ్లు పట్టి, తమ్ముణ్ణి బడికి పంపి, అప్పుడు పుస్తకం తీసిందని నాకు తెలుసు. అదే లెక్క మిగతావాళ్లకీ. మీ అబ్బాయి కష్టపడలేదని ఎవరూ అనడం లేదు, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కాకపోతే ఆ కోపాన్ని ముందు సీట్ల సంఖ్య మీద పెట్టండి, ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాకి పోయే 30 శాతం మీద పెట్టండి. అక్కడ డబ్బు ఎంత మెరిటో ఎవరూ అడగరు.

(వెనక వరసలోంచి ఒక అమ్మాయి: "ఆ కురుపాం అబ్బాయి ఏమయ్యాడు సార్?")

ఆ ఏడాది పార్వతీపురంలో చేరాడని విన్నానమ్మా. తర్వాత తెలియదు. మేం చేసింది ఒక్కటే. మరుసటి ఏడాది లిస్టు అంటించిన రోజునే పేరున్న ప్రతివాడికీ పోస్టు కార్డు రాశాం, గడువు పది రోజులు చేశాం. కార్డు 15 పైసలు. 120 కార్డులు, అన్నీ నా చేత్తోనే రాశాను, అందుకే గుర్తు. 18 రూపాయల బిల్లు పెడితే, నోటీసు బోర్డు ఉండగా కార్డులెందుకని ఆఫీసువాళ్లు మూడు నెలలు ఆపారు.